అతుకు మీది మెతుకు

ఫస్టు షిఫ్టు సైరన్ మోగకముందే రాజం లేచి కూర్చున్నాడు. బొగ్గుబాయి పని నుంచి రిటైరై మూడేళ్లయినా ఆ అలవాటు పోలేదు. సారవ్వ భర్త చేతికి చాయ్ గ్లాసు ఇస్తుండగా, కూతురు సహస్ర హైదరాబాద్ కొలువు కబురు విప్పింది.

"సోమవారం చేరుమన్నరు బాపూ. సర్కారు పని. ఫోన్లల్ల, నెట్టుల జనం ఏం రాసుకుంటున్నరో చూసి, ఎవరేమన్నరో జాబితా చెయ్యాలె."

"దొంగలయా?"

"అందరియి."

రాజం గ్లాసు కింద పెట్టేశాడు. "వద్దు బిడ్డా."

సారవ్వ కూతురి వైపు చూసింది. కొలువు లేక పిల్ల ఏడాదిగా కుమిలిపోతోంది.

"తప్పు చెయ్యనోళ్లకు ఫికరేంది బాపూ? బాయిల దిగేటప్పుడు అగ్గిపెట్టె ఉన్నదా అని నిన్ను రోజూ తడిమి చూడలేదా? ఊకున్నవ్ గదా!"

"ఊకున్న. ఒక్క అగ్గిపుల్లకు బాయంత లేస్తది. దిగేటోన్ని దిగే కాడ చూసిండ్రు. ఇంట్ల పండుకున్నోళ్ల జేబులు ఎవ్వడూ తడుమలే."

"నీ ఫోన్ల చూసేటందుకు ఏమున్నది బాపూ? నాలుగేండ్లు హాస్టల్ల ఉంటే నువ్వు పెట్టిన మెసేజు ఒక్కటే. 'క్షేమం'." అంది సహస్ర.

"నీకు నాలుగేండ్లేనాయె. నాకు ముప్పై ఏండ్ల సంది గదే," నవ్వబోయింది సారవ్వ. నవ్వు రాలేదు.

పెళ్లయిన కొత్తలో కమాన్‌పూర్‌లో తల్లిగారింట ఉండగా వచ్చిన మూడు ఉత్తరాలు ఇంకా ఆమె పట్టుచీర మడతలోనే ఉన్నాయి. పోస్టు సైకిల్ బెల్లు వినబడితే చాలు, పొయ్యి మీద కూర వదిలేసి ఉరికేది. బొగ్గు మరకల కాగితం, అంచుల దాకా రాత. 'నీ గాజుల సప్పుడు బాయిల గూడ ఇనబడ్తది' అని మూడో దాంట్లో రాశాడు. నాలుగోసారి కార్డు ముక్క వచ్చింది. క్షేమం. తన కోడిగీతల జవాబు చూసి అతని మనసు విరిగిందేమో అనుకుంది. ఎన్నడూ అడగలేదు.

"మూడో ఉత్తరం అతుకు మీద ఏముండె, యాదికున్నదా?" రాజం ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నం మెతుకు. ఎండిపోయి ఉండె."

"నేను బంకతోని అంటించిన. మెతుకు ఠాణల పోలీసోళ్లది."

సారవ్వ భర్త వైపు తిరిగింది.

"సమ్మె రోజులు. ఖని నుంచి పొయ్యే ఉత్తరాలు ఇప్పి చూసేటోళ్లు. పన్నెండు మందిని ఒక్కతాన నిలబెట్టి, నాది గట్టిగ చదివిండ్రు. గాజుల ముచ్చట కాడ అందరు నవ్విండ్రు. తప్పేం దొరకలే. మెతుకుతోని అంటించి పంపిండ్రు, నన్ను పొమ్మన్నరు. ఒక్క దెబ్బ కొట్టలే బిడ్డా. కని ఆ తెల్లారి సంది ఏం రాద్దామన్నా, భుజం మీదికెళ్లి ఎవడో చూస్తున్నట్టే. మంచి మాట చెయ్యి దాటదు. నీకు రాసేటప్పుడు గూడ."

సహస్ర తలదించుకుంది.

"ముప్పై ఏండ్లు నా రాతే బాగలేదనుకున్న గదయ్యా!" సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజం ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు.

సారవ్వ తాలింపు వేస్తుండగా ఆమె ఫోన్ టింగుమంది. "ఎవరో చూడు బిడ్డా. అద్దాలు లేవు, చదివి చెప్పు."

తెర మీద పేరు చూసింది సహస్ర. కిటికీలోంచి, వాకిట్లో ఫోన్ మీదికి వంగి కూర్చున్న తండ్రిని చూసింది. ఫోన్ బోర్లించి, అద్దాలు వెతికి తెచ్చి, రెండూ తల్లి చేతిలో పెట్టింది.

"ఇంకొకళ్ల ఉత్తరం నేను చదువనమ్మా. సోమవారం నుంచి గూడ చదువ."

సారవ్వ అద్దాలు పెట్టుకుంది. మెసేజు పొడుగ్గా ఉంది. మొదటి మాట క్షేమం కాదు. కళ్లు తుడుచుకోబోతే చేతి గాజులు గలగల్లాడాయి.

వాకిట్లో రాజం తలెత్తాడు.