ఏడో నంబర్ పేపర్

"లామినేషన్ చేస్తరా?"

"పాత ఫొటోలకు చెయ్యం."

"నాది పెండ్లి ఫొటో."

జిరాక్స్ షాపు మనిషి తల ఊపి వెనక మెట్లు చూపించాడు. మొఘల్‌పురాలో ఆ షాపు పైగదే ఏజెన్సీ ఆఫీసు. ఏజెంట్ సామ్యూల్ మెట్లెక్కేసరికి చీఫ్ విమలాదేవి ఫైలు తెరిచి కూర్చుంది. కూర్చోమనలేదు.

"డాక్టర్ వైకుంఠం. బయోమెడికల్ సైంటిస్ట్. కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబ్. నర్వ్ గ్యాస్‌కు విరుగుడు మందు మీద పని. ఇరవై రెండేళ్లలో ముప్పై పేపర్లు. సైటేషన్లు నలభై నాలుగు."

"అంటే?"

"వేరే సైంటిస్టులు తమ పేపర్లలో ఆయన పనిని పేర్కొన్నది నలభై నాలుగు సార్లే. అందుకే పదకొండేళ్లుగా ప్రమోషన్ లేదు. ఈ ఆరు నెలల్లో మాత్రం ఇంకో తొమ్మిది వందల పన్నెండు వచ్చాయి."

"ఎవరు మేడమ్ ఈ అభిమానులు?"

"విదేశీ గూఢచారుల రింగ్. దొంగ జర్నళ్లు, దొంగ పేపర్లు. ముందు పొగిడారు. ఇప్పుడు స్పెషల్ ఇష్యూ పేరుతో ప్రయోగాల డేటా మొత్తం అడిగారు. ఎంత గ్యాస్ దగ్గర మన మందు చేతులెత్తేస్తుందో అందులో ఉంది. శత్రువుకు ఆ ఒక్క అంకె చాలు. గడువు ఈ సాయంత్రం ఐదు."

"లోపలి మనిషి?"

"ఉన్నాడు. వాణ్ని పట్టుకోవడానికి ల్యాబ్ ప్రమోషన్ సెక్షన్‌లో మన షారోన్‌ను క్లర్క్‌గా పెట్టాం. మూడు నెలలైంది. ఇంకా దొరకలేదట."

చీఫ్ రెండు వస్తువులు తోసింది. రింగ్ పేర్కొన్న వైకుంఠం పేపర్ల లిస్టు. ఏసీ రిమోట్ ఆకారంలో ఉన్న ఫోన్ జామర్.

"బ్యాటరీలు?"

"ఇండెంట్ పెట్టాం. ఇంకా రాలేదు."

సామ్యూల్ రిమోట్ జేబులో వేసుకున్నాడు. పందొమ్మిదేళ్ల సర్వీసులో అనాల్సినవన్నీ అనేశాడు.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఆటో నలభై నిమిషాలు కదల్లేదు. అతను ఏసీ మెకానిక్ యూనిఫాం తొడుక్కుని ఫోన్‌లో ఒక్కో పేపరూ వెతికాడు. ముప్పై దొరికాయి. లిస్టులో ఉన్నవి ముప్పై ఒకటి. ఏడో నంబర్ పేపర్‌ను ముప్పై ఎనిమిది మంది పేర్కొన్నారు. ఆ పేపర్ మాత్రం ఏ జర్నల్లోనూ లేదు.

వైకుంఠం ఇల్లు చేరేసరికి నాలుగూ యాభై ఐదు. దారిలో బ్యాటరీలు కొనడానికి ఆటో ఆపించే టైం కూడా మిగల్లేదు.

లోపల షారోన్ ఉంది. నీలం సిల్కు కుర్తా, నల్ల కళ్లద్దాలు, గది నిండా సెంటు. సామ్యూల్‌ను చూసి, నేను చూసుకుంటా అన్నట్టు కళ్లద్దాలు దించి చిన్నగా కన్నుకొట్టింది. ల్యాప్‌టాప్‌లో అప్‌లోడ్ పూర్తయింది. పంపడానికి ఓటీపీ ఒక్కటే తక్కువ.

"చెప్పండి సార్. టైం అయిపోతోంది," అంది వైకుంఠంతో.

ఆపడానికి పెట్టిన మనిషి తొందర పెడుతోందేమిటి? సామ్యూల్ రిమోట్ నొక్కాడు. చచ్చిన ప్లాస్టిక్. వైకుంఠం ఫోన్‌కు ఓటీపీ వచ్చింది.

"ఏడు... రెండు... తొమ్మిది... నాలుగు..."

"ఆగు డాక్టర్ సాబ్! ఏడో నంబర్ పేపర్ ఎక్కడ అచ్చయింది?"

వైకుంఠం నోరు ఆగింది. "ఏసీ చేసెటోనివి, నీకెందుకయ్యా?"

"ఎక్కడ?"

"...కాలె. రిజెక్ట్ చేసిన్రు. ప్రమోషన్ కోసమని బయోడేటాల రాసుకున్న."

"అచ్చుగాని పేపర్‌ను ముప్పై ఎనిమిది మంది ఎట్ల చదివిన్రు?"

"సార్, ఎవడో పిచ్చోడు. ఇంకో రెండు అంకెలే," అంది షారోన్.

వైకుంఠం కుర్చీలో కూలబడ్డాడు. "నేను చూసిన్నయ్యా. లేని పేపర్‌ను మెచ్చుకున్నరని చూసిన. చూసి గూడ సంబురపడ్డ. ఇరవై రెండేండ్లు ఒక్కడన్న సదువుతడేమోనని..."

"ఆ బయోడేటా ఎవరికిచ్చినవ్?"

"ఒక్కటే కాపీ. ప్రమోషన్ ఫైల్ల పెట్టమని ఈమె చేతికే ఇచ్చిన."

షారోన్ చేతిలో లిప్‌స్టిక్ మూత ఊడింది, సన్నటి సూది బయటికొచ్చింది. అది వైకుంఠం మెడను తాకబోతుండగా సామ్యూల్ రిమోట్‌తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. సూది నేల మీద పడింది. ఆ జామర్ పనికొచ్చింది అప్పుడే.

"మూడు నెలలు వెతికినవ్ గదా షారోన్. అద్దంల ఒక్కసారి చూసుకుంటే అయిపోతుండె."

"నువ్వా పేపర్లన్నీ చదివావా?" అంది ఆమె, చేతికి బేడీలు పడుతుంటే. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎవరు చదువుతారు వాటిని?"

ల్యాప్‌టాప్‌లో గడియారం ఐదు చూపించింది. తెర మీద గడువు ముగిసిందని వచ్చింది. వైకుంఠం ఫోన్ బోర్లించి పెట్టాడు. మిగిలిన రెండు అంకెలు ఎవరికీ చెప్పలేదు.

వారంలో రింగ్ జర్నళ్లు మూతపడ్డాయి. తొమ్మిది వందల పన్నెండూ పోయాయి. ఏడో నంబర్ తీసేసిన బయోడేటాతో వైకుంఠం ఇంటర్వ్యూకి వెళ్లాడు. ప్రమోషన్ రాలేదు.

సామ్యూల్ మిషన్ రిపోర్టు రాశాడు. వైకుంఠం పేపర్లు మూడింటిని చదివి, అర్థం చేసుకుని, పేజీ నంబర్లతో సహా పేర్కొన్నాడు. విమలాదేవి దాని మీద 'అతి రహస్యం' అని ముద్ర గుద్ది బీరువాలో పెట్టి తాళం వేసింది.

వైకుంఠం సైటేషన్లు నలభై నాలుగు.