వదిన ఊడ్చేసిన చిప్

ఆ ఉదయం వదిన కాఫీ కప్పులు పట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి భర్త, అతని చెల్లెలు బుజ్జి అప్పటికే బల్ల మీదికి వంగిపోయి ఉన్నారు. భర్త ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ అతను అన్న కాబట్టి ఆమె అందరికీ వదిన అయింది.

"అబ్బ! ఎంత శుభ్రంగా అతికించావే బుజ్జీ! నా జన్మలో ఇలా అతికించలేదు నేను," అంటున్నాడతను.

వదినకు ఒళ్లు మండింది. పెళ్లయిన కొత్తల్లోంచీ అతని పక్క కుర్చీ తనదే. పెసరగింజంత చిప్‌ను పట్టకారుతో కదలకుండా తను అదిమి పట్టుకుంటే, వెంట్రుకల్లాంటి దాని కాళ్లకు అతను టంకం పెట్టేవాడు. భుజాలు లాగేస్తున్నా కిక్కురుమనేది కాదు. బుజ్జి పనిచేసే ఫోన్ల ఫ్యాక్టరీ మూతపడి, ఆ పిల్ల అన్న ఇంటికొచ్చాక ఆ కుర్చీ చేతులు మారింది. పైగా బుజ్జి చెయ్యి నిజంగానే మంచిది. అసలు కడుపుమంట అక్కడే ఉంది.

"కాఫీ కాస్త దూరంగా పెట్టు వదినా," అంది బుజ్జి తలెత్తకుండానే.

"ఎక్కడ పెట్టాలో నువ్వు నేర్పాలా నాకు?"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. వదిన విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి భర్త బజారుకు, బుజ్జి స్నానానికి వెళ్లారు. వదిన చీపురు పట్టుకుని వచ్చింది. బల్ల అంచున తెల్లకాగితం మీద ఒక చిప్ ఉంది. బాగుచేయమని లాయరమ్మ ఇచ్చిన ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కాలంటే అదే కావాలి. ఆ రకం ఎక్కడా దొరక్క, చచ్చిపోయిన ఇంకో బోర్డు నుంచి బుజ్జి వేడిగాలి పెట్టి ఓపిగ్గా ఊడదీసింది. వదినకు ఆ సంగతి తెలుసు. తెలిసే కాగితాన్ని దులిపింది. చెత్తతో పాటు చేటలోకి ఎత్తేసింది.

బుజ్జి తిరిగొచ్చి బల్ల చూసుకుంది, బల్ల కింద చూసింది, ఆఖరికి మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టింది. తడిజుట్టు నేల మీద జీరాడుతోంది.

"ఇక్కడో చిప్ చూశావా వదినా? ఫ్యాను గాలికి ఎగిరిందేమో... సాయంత్రానికి ఇస్తానని అన్నయ్య మాటిచ్చాడు." బుజ్జి నేల మీదే కూలబడింది. "ఫ్యాక్టరీలో పని పోయింది. ఇక్కడా పనికిరానిదాన్నయితే ఎక్కడికి పోను?"

ఇన్నాళ్లూ ఆ పిల్ల తన చోటు లాక్కుందని వదిన అనుకుందే గాని, దానికి నిలబడే చోటే లేదని తట్టలేదు.

"ఎగరలేదు. నేనే ఊడ్చేశాను. చూసే ఊడ్చాను."

బుజ్జి మెల్లగా లేచింది. "కావాలనా? నేను నీకేం చేశాను?"

"నా కుర్చీలో కూర్చున్నావు! నేను పట్టుకుంటే గాని పని సాగని మీ అన్నయ్య, ఇప్పుడు నేనొచ్చినా తలతిప్పి చూడరు. నిన్ను చూస్తే ఏడుపు నాకు. చాలా?"

"ఒక్క మాటంటే లేచేదాన్ని కదా వదినా!"

ఆ మాటతో వదిన మొహం చేతుల్లో దాచుకుంది. మరుక్షణమే పరుగున వెళ్లి చేట తెచ్చి, కాగితం మీద బోర్లించింది. దుమ్ము, వెంట్రుకలు, రాగితీగ ముక్కలు. ఇద్దరూ చెత్త కెలుకుతుంటే చిప్ వదిన కంటే పడింది. ఒక కాలు వంగి ఉంది.

సూదిమొనతో బుజ్జి దాన్ని సరిచేసింది. "బోర్డుకి పూర్తిగా ఆనడం లేదు. నా ఒక్కదానివల్లా కాదు. నువ్వు పట్టుకో."

వదిన ఊపిరి బిగబట్టి పట్టకారుతో అదిమింది. బుజ్జి టంకం బాగా అంటుకునేలా ఫ్లక్స్ రాసి, ముందు ఒక మూల, తర్వాత ఎదురుమూల అంటించింది. ఆ తర్వాత కాళ్ల వరస వెంట సోల్డరింగ్ ఐరన్ మొనను మెత్తగా లాగింది. రెండు కాళ్లు కలిసిపోతే, ఎక్కువైన టంకాన్ని రాగితీగల అల్లికతో పీల్చేసింది. ఛార్జరు పెట్టగానే చిన్న దీపం వెలిగింది.

"వెలిగిందే!" అంటూ అప్పుడే వచ్చిన భర్త బోర్డు అందుకున్నాడు.

"పొద్దున ఈ చిప్‌ని నేను పారేశానండీ. బుజ్జి మీద కుళ్లుతో," అంది వదిన.

అతను నోరు తెరిచాడు. "అంత కష్టంగా ఉంటే నాతో చెప్పొచ్చుగా?"

"మీరు తలెత్తితేగా!"

బుజ్జి వదిన చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది. "ఇంకో బోర్డుంది అన్నయ్యా, మేమిద్దరం చూసుకుంటాం. వంట సంగతి నువ్వు చూడు."

వదిన ఏడుస్తూనే ఫక్కున నవ్వేసింది.