ఎనిమిదడుగుల కర్ర

ఎనిమిదడుగుల కర్రను అడ్డంగా పట్టుకుని ఐదడుగుల తలుపులోంచి దూరాలని చూస్తోంది ఆమె. ఎవరు చూసినా పాపం, బుర్ర చెడిందేమో అనుకుంటారు. ఆసుపత్రికి ఆ కొత్త భవనం కడుతున్న ఇంజనీరూ అదే అనుకున్నాడు.

"మేడమ్, కర్రని నిలువుగా తిప్పండి. చక్కగా వచ్చేస్తుంది."

"కర్ర తిరుగుతుందండీ, స్కానింగ్ మిషన్ తిరగదు. పెట్టెతో కలిపి ఎటు చూసినా ఎనిమిదడుగులు."

అతని నవ్వు ఆగిపోయింది. "విడి భాగాలుగా వస్తుందన్నారుగా?"

"మోడల్ మార్చారట. ఒకే పెట్టెలో ఎల్లుండి గురువారం వస్తోంది. మీకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. పొద్దున డెలివరీ కాగితం చూస్తే తెలిసింది. వెనక గోడ ఎప్పుడు కడుతున్నారు?"

"రేపే."

"కట్టకండి."

ఆమె ప్రోగ్రామ్ మేనేజరు, ప్రస్తుతానికి తాత్కాలికంగా. భవనం ఒక ప్రాజెక్టు, మిషన్లు రెండోది, నర్సుల శిక్షణ మూడోది. పనులన్నీ టైముకే సాగుతున్నాయన్నట్టు మూడు చార్టులూ పచ్చగా కళకళలాడుతున్నాయి. కానీ ఎవరికి వారే యమునా తీరే! ఆ మూడింటినీ కలిపి నడపగలదా లేదా అని తేల్చడానికి శుక్రవారం పెద్దాఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తోంది. తేలితే సీటు ఖాయం, లేదంటే మళ్లీ పాత గుమాస్తా కుర్చీ. ఆ సీటంటే ఆమెకి ప్రాణం. ఆరు నెలలుగా అదే ధ్యాస.

"గోడ ఆపితే చార్టులో ఎర్రగీత పడుతుంది, అదీ సరిగ్గా మీ పరీక్ష ముందు" అన్నాడు ఇంజనీరు. తర్వాత గొంతు తగ్గించాడు. "మిషన్ని శనివారం తెప్పించండి. శుక్రవారం అంతా పచ్చగా కనిపిస్తుంది. ఆ తర్వాత గోడ నేనే పగలగొట్టిస్తా. తప్పు నా మీదే వేసుకుంటా."

ఆమెకి ఒళ్లు మండింది. ఆ వెంటనే, నా కోసం ఇంత ఆలోచించాడా అని మనసులో ఎక్కడో చల్లగానూ అనిపించింది.

"కట్టిన గోడని కూలగొట్టడానికా నాకు జీతం ఇస్తున్నది? మీ మేస్త్రీలని ఈ నాలుగు రోజులూ పై అంతస్తుకి పంపండి. ఆ పని ఎలాగూ వచ్చే వారం చేయాల్సిందేగా. నర్సులకి ముందు పుస్తకాల పాఠాలు, మిషన్ మీద తర్వాత. ఏదీ, మీ సైటు పుస్తకం ఇటివ్వండి."

'గోడ ఆపమన్నది నేనే' అని రాసి సంతకం చేసేసింది.

గురువారం వాన దంచికొట్టింది. కట్టని గోడ సందులోంచి మిషన్ పెళ్లికూతురిలా నెమ్మదిగా లోపలికొచ్చింది. ఇంజనీరు మిషన్ మీద టార్పాలిన్ పట్టా కప్పించి, ఆమెకి గొడుగు పట్టి, తను మాత్రం తడిసి ముద్దయ్యాడు.

"మరి మీరో?" అంది ఆమె.

"నేను మీ చార్టులో లేను కదండీ!"

శుక్రవారం పెద్ద మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. "ఈ ఎర్రగీత ఏమిటి?"

మోడల్ మారిన సంగతి చెప్పని మిషన్ల ప్రాజెక్టాయన నేల చూపులు చూశాడు. ఇంజనీరు లేవబోయాడు. కూర్చోండన్నట్టు ఆమె చెయ్యి చూపించింది.

"నా నిర్ణయమే మేడమ్. గోడ నాలుగు రోజులు లేటు. కానీ భవనం తెరిచే తేదీ ఒక్క రోజు కూడా వెనక్కి జరగలేదు. చూడండి." మూడు చార్టులూ ఒకదాని కింద ఒకటి పరిచి, ఏ పని ఎక్కడికి మార్చిందో వేలితో చూపించింది.

పెద్ద మేడమ్ చార్టులు మడిచి పక్కన పెట్టింది. "మూడు పచ్చ చార్టులు పట్టుకొచ్చి భవనం తెరవలేని వాళ్లని బోలెడుమందిని చూశానమ్మా. ఈ సీటు నీదే."

ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది. పెద్ద మేడమ్ వెళ్లేదాకా ఆగి, మెట్ల కింద నిజంగానే గంతేసింది.

పది రోజులైనా గోడ గీత మాత్రం పచ్చబడలేదు. ఆమె విసవిసా సైటుకొచ్చింది.

"ఏంటండీ ఇది? ఒక్క ఇటుక పెట్టడానికి వారం కావాలా?"

గోడంతా పూర్తయింది. మధ్యలో ఒక్క ఇటుకంత ఖాళీ. ఇంజనీరు బుర్ర గోక్కున్నాడు.

"అది పెడితే నా ప్రాజెక్టు అయిపోతుంది. ఇక మీ ఆఫీసుకి రావడానికి వంకే ఉండదు. అందుకే మేస్త్రీని పెట్టనివ్వలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ కర్ర అడ్డంగా పట్టుకున్న రోజు నుంచీ."

ఆమె నోరు తెరిచేలోగా గోడ ఖాళీలోంచి రెండు కళ్లు కనిపించాయి. నర్సుల శిక్షణ చూసే హెడ్ నర్సు, అతని సొంత మేనత్త.

"అమ్మయ్య, అడిగేశావురా! వీడి పెళ్లి ప్రాజెక్టు నాలుగేళ్లుగా ఎరుపులోనే ఉందమ్మాయ్. నువ్వు ఊఁ అను, రెండిళ్ల పెద్దవాళ్లతో నేను మాట్లాడతాను."

"అత్తయ్యా!" అని ఇంజనీరు తల పట్టుకున్నాడు.

ఆమె వంగి ఇటుక తీసుకుంది. సిమెంటు రాసి, ఖాళీలో పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కింది. అవతల అత్తయ్య నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఒక్క షరతు" అంది, సిమెంటు చేతులు అతని చొక్కాకే తుడుచుకుంటూ. "మనిల్లు కట్టేటప్పుడు, తలుపు వెడల్పు ముందు నన్నడగాలి."