చప్పుడు చెయ్యని తలుపు

ఆదివారం ఉదయం పాల ప్యాకెట్ల కోసం వీధి తలుపు తీసిన హెప్సిబా గుమ్మంలోనే ఆగిపోయింది.

తలుపు కిర్రుమనలేదు.

భవానీపురంలోని ఆ ఫ్లాట్‌లో దిగి ఏడేళ్ళు. ఏడేళ్ళుగా ఆ తలుపు తీసినా కిర్రు, వేసినా కిర్రు. గుమ్మంలో ఎవరు అడుగు పెట్టినా వంటింట్లో ఉన్న తనకు తెలిసిపోయేది. మళ్ళీ వేసింది, మళ్ళీ తీసింది. ఊహూఁ. మడతబందు మీద వేలు పెట్టి చూసింది. వేలికి నూనె అంటుకుంది.

“ఏవండీ, తలుపుకి నూనె మీరు రాశారా?”

గడ్డం గీసుకుంటున్న ఆరోన్ అద్దంలోంచే నవ్వాడు. “తలకి రాసుకోవడానికే టైం లేదు నాకు. తలుపుకా?”

“మరెవరు?”

“ఎవరో పుణ్యాత్ములు. ఇకనుంచి ఫ్లోరంతా హాయిగా నిద్రపోతుంది. సంతోషించు.”

సంతోషించడం ఆమె వల్ల కాలేదు. పదకొండేళ్ళ వయసులో ఇలాంటి నూనె ఒకసారి చూసింది. వన్ టౌన్‌లో తండ్రి పాల్ గారి ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ఒక్క రాత్రిలో ఖాళీ అయింది. పక్కకొట్టు వాళ్ళకు షట్టర్ లేచిన శబ్దమే వినపడలేదు. పోలీసాయన షట్టర్ గాడిలో వేలు పెట్టి, నూనె చూపించి, “లోపలివాళ్ళ పనేనండీ. వారం ముందునుంచే రాసి పెట్టుకున్నారు” అన్నాడు. ఆ లోపలివాడు ఆమెను రోజూ సైకిల్ మీద బడికి దింపిన గుమాస్తా. బాబాయ్ అని పిలిచేది. తండ్రి మళ్ళీ కొట్టు తెరవలేదు. ఆమె మళ్ళీ ఎవర్నీ నమ్మలేదు.

బీరువా తాళంకప్ప తడిమింది. జిడ్డు. బాల్కనీ గ్రిల్లు గొళ్ళెం. అదీ జిడ్డే.

ఇంట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరే. కంటి ఆపరేషన్ కోసం రెండు వారాల క్రితం బందరు నుంచి వచ్చిన అత్తగారు అమలమ్మ ఒకరు. వంగకూడదు, ఎత్తులెక్కకూడదు అని డాక్టరు ఆమెను కట్టేసినట్టు కూర్చోబెట్టాడు. రెండోది, ఆవిడకు సాయంగా కుదుర్చుకున్న పనిమనిషి తెరేసమ్మ.

ఇంక ఆలోచించేదేముంది?

మర్నాడు టిఫిన్ దగ్గర అమలమ్మ నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ అంది. “అమ్మాయ్, పొద్దస్తమానం ఆ తలుపులు బిడాయించుకు కూర్చోడమేంటే? మా బందర్లో మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటాయి. చేపలావిడ సరాసరి లోపలికొచ్చి మంచినీళ్ళు ముంచుకు తాగి పోద్ది.”

“ఇక్కడ తాగనిస్తే బిందె కూడా పట్టుకుపోతారు అత్తయ్యగారూ.”

“బిందే కదా. అది సరే, ఎదురింటావిడ పేరేంటి?”

హెప్సిబా ఇడ్లీ తుంచుతూ తడబడింది. “మూడొందల రెండు వాళ్ళండీ.”

“పేరడిగితే నంబరు చెప్తావేంటే!”

ఆరోన్ పకపకా నవ్వాడు. “బందర్లో దొంగలక్కర్లేదులే అమ్మా. మన బీరువా అడుగు సగం ఉప్పుగాలే తినేసింది. ఇక ఇక్కడే ఉండిపోరాదూ?”

“కొత్త కళ్ళజోడు రానీ, చెప్తా” అంది అమలమ్మ.

అంట్లు తీయడానికి వచ్చిన తెరేసమ్మ ఆవిడ వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు హెప్సిబా గుండెలో ముల్లులా దిగింది. ఈ మనిషి అత్తగారిని అప్పుడే బుట్టలో వేసుకుంది. బాబాయ్ కూడా ఇలాగే నవ్వేవాడు.

శుక్రవారం దాకా ఆమె సరిగా నిద్రపోలేదు. శనివారం పొద్దున్నే పాత ఫోన్‌ని హాల్లో పుస్తకాల మధ్య ఇరికించి, కెమెరా ఆన్ చేసి, ఏమీ ఎరగనట్టు స్కూలుకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఒంటిపూట బడి. పిల్లలకు లెక్కలు చెబుతున్నా మనసు మాత్రం ఆ ఫోన్ దగ్గరే ఉంది.

ఒంటిగంటకు ఇంటికొచ్చింది. అత్తగారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తెరేసమ్మ వంటింట్లో ఉంది. హెప్సిబా హాల్లోనే నిలబడి వీడియో ముందుకు జరిపింది.

తొమ్మిదీ ఇరవై. తెరమీద సగం తలుపే కనపడుతోంది, గడియ ఉన్న వైపు. తెరేసమ్మ వచ్చింది. తలుపు మెల్లగా తీసింది, మెల్లగా వేసింది. చెవి ఆనించి విన్నది. మళ్ళీ తీసింది. ఆ తర్వాత తెరకు అవతల ఉన్న ఎవరి వైపో చూసి ‘సరిపోయింది’ అన్నట్టు తల ఊపింది.

అంటే, రెండో మనిషి ఉన్నాడు!

“తెరేసమ్మా! ఇలా రా. చెయ్యి చూపించు.”

“ఏంటి మేడం?”

హెప్సిబా ఆ చెయ్యి లాగి వాసన చూసింది. “కుట్టుమిషన్ నూనె. ఎవరికోసం రాశావ్? ఎవరికి తల ఊపావ్?”

తెరేసమ్మ ముఖం పాలిపోయింది. ఒక్కసారి లోపలి గది వైపు చూసి తల దించుకుంది. “నేను చెప్పలేనండీ.”

“చెప్పలేవా? బీరువా తాళానికి రాశారు, వీధి తలుపుకి రాశారు. ఏ రోజు పెట్టుకున్నారు ముహూర్తం?”

“మేడం గారూ, మాట జారకండి. నేను మీ ఇంట్లో చెంచా ముట్టుకోలేదు.”

“ఇంక ముట్టుకునే పని కూడా లేదు. పో!”

తెరేసమ్మ చెప్పులు చేత్తోనే పట్టుకుని మెట్లు దిగింది. హెప్సిబా మెట్ల దాకా వెళ్ళి మరీ అరిచింది. “మళ్ళీ ఈ ఛాయలకొస్తే పోలీసుల్ని పిలుస్తా!” ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుని మూసుకుంది.

వెనక్కి తిరిగేసరికి అమలమ్మ హాల్లో నిలబడి ఉంది. ఒక చేతిలో చిన్న నూనె సీసా, ఇంకో చేతిలో కోడి ఈక.

“తల ఊపింది నాకేనే, అమ్మాయ్.”

హెప్సిబా ఆ సీసా వైపు, ఈక వైపు మార్చి మార్చి చూసింది.

“బందర్లో శనివారం నూనె రోజమ్మా. వారం వదిలేశామంటే ఉప్పుగాలికి తాళం పట్టేస్తుంది. మీ మామయ్య ఇశ్రాయేలు గారు కాఫీ తాగి, ఇదిగో, ఈ సీసా ఈక పట్టుకుని ఇల్లంతా తిరిగేవారు. గొళ్ళేలు, బందులు, సైకిలు చైను, అన్నిటికీ రాసేవారు. ఆయన పోయాక నేను రాస్తున్నా. మీరెప్పుడొచ్చినా ఆదివారం చర్చికొచ్చి సాయంత్రానికి పోతారు. శనివారం నువ్వు చూళ్ళేదు.”

“కానీ ఇక్కడ ఉప్పుగాలి లేదు కదండీ!”

“లేదని నాకూ తెలుసు. నేను తెల్లారుఝామున ప్రార్థనకు లేచి బాల్కనీ తలుపు తీస్తే, నువ్వు ఉలిక్కిపడి ‘ఎవరది’ అని కేకేసేదానివి. రోజూ అంతే. పిల్లకి నిద్ర చెడగొడుతున్నాననిపించింది. సీసా తీశాక అలవాటుగా ఇంట్లో అన్నిటికీ రాసేశా. స్టూలెక్కానని తెలిస్తే ఆరోను ఊరుకోడని తెరేసమ్మ దగ్గర మాట తీసుకున్నా. అది స్టూలు పట్టుకుంది, నేను రాశాను. ఆ పిల్ల చేసిన నేరం అదే.”

హెప్సిబా సోఫాలో కూలబడింది. కొట్టు సంగతి, షట్టర్ సంగతి, బాబాయ్ సంగతి చెప్పింది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అత్తగారికి ఎన్నడూ చెప్పని కథ అది. అమలమ్మ అంతా విన్నది. వంటింట్లోకి వెళ్ళి సబ్బునీళ్ళూ పాతగుడ్డా తెచ్చింది. స్టూలు తలుపు దగ్గరికి లాక్కుంది.

“ఏం చేస్తున్నారు?”

“తుడిచేస్తానమ్మా. ఆ చప్పుడే నీకు ధైర్యమని నాకు తెలీదు.”

అప్పటికే ఒక కాలు స్టూలు మీద పెట్టింది. హెప్సిబా పరుగున వెళ్ళి ఆవిడ నడుం పట్టుకుని కిందికి దించింది. దించి, వదలకుండా అలాగే ఆ భుజం మీద తల పెట్టేసింది. వెక్కిళ్ళు ఆగలేదు.

“ఊరుకో, ఊరుకో. నువ్వేడిస్తే నాకూ వస్తుంది. కంట్లో నీళ్ళు రాకూడదన్నాడు డాక్టరు.”

“క్షమించండి అత్తయ్యగారూ.”

“నాతో కాదు. ముందు అక్కడికెళ్ళు.”

కరకట్ట దగ్గర సందులో తెరేసమ్మ ఇంటి తలుపు తెరిచే ఉంది, చీరముక్క పరదాతో. లోపల ఆమె పిండి కలుపుతోంది. హెప్సిబాను చూసి లేవలేదు.

“నూనె చేతులని గెంటేశారు. ఇవి పిండి చేతులు. పర్లేదా మేడం?”

“తప్పు నాదే, తెరేసమ్మా. అత్తయ్యగారు అంతా చెప్పారు. రా, వెళ్దాం.”

“మీరొచ్చి ఇక్కడ మెల్లగా చెప్పారు. అక్కడ మెట్ల మీద అరిచారండీ. అది విన్నవాళ్ళ ఇళ్ళల్లో రేపు నాకు పని దొరకొద్దా?”

“అయితే అక్కడే చెప్తాను” అంది హెప్సిబా.

మూడో అంతస్తుకొచ్చాక సొంత గుమ్మం వైపు వెళ్ళలేదు. ఏడేళ్ళలో మొదటిసారి ఎదురింటి బెల్లు నొక్కింది. తలుపు తీసిన నడివయసు ఆవిడతో, మెట్ల కిందికీ పైకీ వినపడేంత గట్టిగా చెప్పింది. “ఈమె తెరేసమ్మండీ. ఇందాక నేను ఈమెను దొంగ అన్నాను. అది అబద్ధం. పొరపాటు నాది.”

ఆవిడ తెల్లబోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “అయ్యో, లోపలికి రండమ్మా. నా పేరు శ్రీదుర్గ” అంది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన ఆరోన్ మెట్ల మీదే ఆగిపోయాడు. తన ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. “హెప్సీ! ఏమైంది?” అంటూ లోపలికి పరిగెత్తాడు. హాల్లో అమలమ్మ, ఎదురింటావిడ, తెరేసమ్మ కూర్చుని వేడివేడి బజ్జీలు తింటున్నారు.

“ఏమీ కాలేదండీ” అంది హెప్సిబా, పళ్ళెం అందిస్తూ. “వచ్చే శుక్రవారం సాయంత్రం మనం బందరు వెళ్తున్నాం. మూడు వారాలుగా ఆ ఇంటి తాళాలకి నూనె లేదు.”

“నువ్వు రాస్తావా?” అంది అమలమ్మ.

“రాస్తాను. మీరు స్టూలు పట్టుకోండి చాలు. మళ్ళీ ఆదివారం మాతో వచ్చెయ్యాలి.”

అమలమ్మ నల్లకళ్ళద్దాల్లోంచి తెరిచి ఉన్న వీధి తలుపు వైపు చాలాసేపు చూసింది.

“ఇలా తెరిచి ఉంచితే వస్తాలే” అంది.