కనుమ మలుపులో రాయి

“రాయి,” అన్నాడు నాయన.

ఈశ్వరి చేతికందిన రాయిని తెచ్చి సైకిల్ వెనక చక్రం కింద పెట్టింది. సైకిల్ ఆగింది. లేకపోతే మూడు బొగ్గు మూటలతో సహా కనుమ కిందికి జారిపోయేదే. వాళ్ల నాయన ఓబన్న హ్యాండిల్ మీద తల ఆనించి రొప్పుతున్నాడు.

అది 2003 ఎండాకాలం. మూడేళ్లుగా సరైన వానల్లేవు. వేరుశనగ వేసినవాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. ఈశ్వరి వాళ్లమ్మ కూలిపనికి బెంగళూరు పోయింది. ఊళ్లో మిగిలినవాళ్లు కంపచెట్లు కొట్టి, బొగ్గు కాల్చి, సైకిళ్ల మీద కళ్యాణదుర్గం తీసుకుపోయి హోటళ్లకు అమ్ముతున్నారు.

పోను ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ముందు ఈ కనుమ తారు రోడ్డు ఎక్కాలి. అది దిగాక నాలుగు కిలోమీటర్ల రాళ్ల రోడ్డు. కరువు పనుల్లో ఊరివాళ్లే ఆ రాళ్లు పరిచారు. తారు మాత్రం ఇంతవరకు రాలేదు. దాని మీద సైకిల్ తొక్కితే పళ్లు టకటకలాడతాయి.

కనుమ ఎక్కేటప్పుడు ఒకరు లాగాలి, ఒకరు వెనక నుంచి తోయాలి. నాయన ఆగినప్పుడల్లా చక్రం కింద రాయి పెట్టడం, సైకిల్ కదలగానే దాన్ని తీసి పక్కకు విసిరేయడం ఈశ్వరి పని. సెలవులయ్యాక ఏడో తరగతికి పోబోయే పిల్లకు ఇదొక పెద్ద ఉద్యోగం. తను లేకపోతే నాయన కొండే ఎక్కలేడని స్నేహితులందరికీ చెప్పుకుంది కూడా.

ఆ రోజు ఆమె చెప్పు తెగింది. అరికాళ్లు కాలిపోతున్నాయి. ఆ మలుపు దాటితే ఇక దిగుడే. దిగుడులో ముందు కడ్డీ మీద కూర్చోవచ్చు, గాలి తగులుతుంది. నాయన సైకిల్ లాగగానే ఈశ్వరి బలమంతా పెట్టి తోసింది. ఇరవై అడుగులు పోయాక గుర్తొచ్చింది, రాయి తీయలేదని. వెనక్కి చూసింది. తారు మీద ఎండ మెరుస్తోంది.

“రాయి తీసినావా పాపా?”

“తీసినా నాయనా.”

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. కడ్డీ మీద కూర్చుని, గాలికి కళ్లు మూసుకుని, ఆ సంగతి మరిచిపోయింది.

పక్కింటి ఓబుళేసు మామ పొద్దున వాళ్లకంటే ముందే బయలుదేరాడు. కళ్యాణదుర్గంలో ముందే బొగ్గులు అమ్ముకుని, ముందే ఇంటిదారి పట్టాడు. సోమవారం ఆయన బెంగళూరు బస్సు ఎక్కాలి. అక్కడ బిల్డింగ్ పనికి మేస్త్రీ రమ్మన్నాడు. ఆ మాట హోటలు దగ్గర కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు, జొన్నలు అడుగంటాయి మరి.

పొద్దు వాలుతుండగా తండ్రీకూతుళ్లు ఖాళీ సైకిల్‌తో మళ్లీ కనుమ పైకి చేరారు. మలుపు తిరిగేసరికి ఓబుళేసు సైకిల్ అడ్డంగా పడి ఉంది. ముందు చక్రం మడత పడింది. ఆయన రోడ్డు పక్కన గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. మోకాలి కింద కాలు ఉండాల్సినట్టు లేదు.

ఆ సైకిల్‌కు బ్రేకులు ఎప్పుడో అరిగిపోయాయి. చెప్పుకాలు టైరుకు ఆనించి దిగడం ఆయనకు అలవాటు. అలా దిగే మనిషి రాయిని చూసినా ఆగలేడు.

“ఏ లారీవోడో రాయి పెట్టి, తీయకుండా పోయినాడప్పా. వాని చేతులు ఇరగ,” అని మూలిగాడు.

రాయి ఇంకా రోడ్డు మీదే ఉంది. దాని మీద నల్లగా ఐదు వేళ్ల అచ్చు. పొద్దుననుంచి బొగ్గు మూటలు పట్టుకున్న చేయి అది. లారీ డ్రైవర్ వేళ్లు అంత చిన్నవి కావు. నాయన రాయిని చూశాడు, ఈశ్వరిని చూశాడు. ఈశ్వరి చేతులు వెనక్కి దాచుకుంది.

ఎవరూ ఆమెను అడగలేదు. ఊరుకుంటే ఆ నింద ఎవరో కనిపించని లారీవాడి మీదే ఉండిపోతుంది. అయినా మామ దగ్గరికి వెళ్లి నిలబడింది.

“లారీవోళ్లు కాదు మామా. ఆ రాయి నేను పెట్టినా. తీయలేదు. తీసినానని నాయనకు అబద్ధం చెప్పినా.”

ఓబుళేసు కళ్లు తెరిచి చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఈశ్వరికి.

“సోమవారం పోవల్ల పాపా నేను,” అన్నాడు. అంతే, మొహం అటు తిప్పుకున్నాడు.

నాయన ఆయన్ను తన సైకిల్ క్యారేజీ మీద కూర్చోబెట్టి మెల్లగా నడిపించాడు. ఈశ్వరి ఆ రాయిని లోయలోకి తోసేసింది. విరిగిన సైకిల్ ముందు చక్రం పైకెత్తి పట్టుకుని, ఊరిదాకా ఈడ్చుకుంటూ నడిచింది.

కాలికి రెండు నెలల కట్టు అన్నాడు డాక్టరు. సోమవారం బస్సు ఓబుళేసు భార్య గంగక్క ఎక్కింది. పిల్లలు ముగ్గురూ ఏడుస్తూ బస్సు వెంట పరిగెత్తారు. ఈశ్వరి ఇప్పుడు రోజూ వాళ్లింటికి ఒక బిందె నీళ్లు మోసుకుపోతుంది. ఓబుళేసు ఆమెతో మాట్లాడడు. బిందె మాత్రం వద్దనడు.

పది రోజుల తర్వాత మళ్లీ బొగ్గు మూటలు, మళ్లీ కనుమ. ఆగినప్పుడల్లా ఈశ్వరి రాయి పెట్టింది, కదలగానే తీసి విసిరేసింది. ఆ మలుపులో ఎవరో లారీవాళ్లు వదిలిపోయిన రెండు పెద్ద రాళ్లు కనిపించాయి. అప్పటికి ఆమె సైకిల్ తోస్తోంది, చేతులు వదలడానికి లేదు. పైకి చేరి, నాయన సైకిల్‌ను గట్టుకు ఆనించాక వెనక్కి తిరిగింది.

“యాడికి పాపా? అవి మనవి కాదు గదా,” అన్నాడు నాయన.

“తెలుసు నాయనా.”

కాలే తారు మీద వట్టి కాళ్లతోనే దిగింది. ఒక్కో రాయిని రెండు చేతులతో దొర్లించి లోయలోకి తోసింది. వాటి మీద కూడా ఆమె వేళ్ల అచ్చులు నల్లగా పడ్డాయి. రోడ్డు మీద మాత్రం రాళ్లు లేవు.