నాన్న జేబులో ఉప్పు బిస్కెట్లు

"మీరు కూరలో ఉప్పు వేస్తారా, ఉప్పులో కూర వేస్తారా?"

బీపీ చూసే నర్సు నాతో అన్న మొదటి మాట ఇది. వంట నేనే చేస్తాను కాబట్టి ముద్దాయి కూడా నేనే.

శుక్లం పెరిగి నాన్న కుడికన్ను దాదాపు పోయింది. మొన్న ఆ కంటివైపు తలుపుకి వేలాడుతున్న నా చొక్కాని అరగంట తిట్టాడు, నేననుకుని. బీపీ నూట డెబ్బై నుంచి దిగితేనే ఆపరేషన్ అన్నాడు కంటి డాక్టర్.

"సోడియం ఒంట్లో నీళ్లు పట్టి ఉంచుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. పొటాషియం దాన్ని బయటికి తోస్తుంది. కిడ్నీ టెస్టులు బాగున్నాయి కాబట్టి అరటిపండు, ఆకుకూర, బీన్స్ పెట్టండి," అంది నర్సు.

ఇంటికెళ్లి ఉప్పుడబ్బాకి తాళం వేశాను. తాళంచెవి ఎక్కడ పెట్టానో నాకే తెలీదు.

ప్రతి సోమవారం బీపీ దిగుతోంది. నూట యాభై ఎనిమిది, నూట నలభై ఆరు. నా డౌట్లు మాత్రం పెరుగుతున్నాయి. పదిహేడో డౌట్: "అరటిపండు తొక్క తీసే తినాలాండీ?"

"మీ నాన్నగారు తీసి తినాలి. మీరు అలాగే తినెయ్యండి," అంది, నవ్వకుండా.

నాలుగో సోమవారం నూట డెబ్బై రెండు. రెండుసార్లు చూసినా అంతే.

ఆమె నావైపు తిరిగింది. "ఇక్కడికి వస్తూ ఉండొచ్చని మీరే ఉప్పేశారా?"

"వేద్దామనుకున్నాను. గురువారం, పన్నెండుంబావుకి. వెయ్యలేదు."

"తండ్రి కంటితో ఆటలా? వచ్చేవారం ఆయనతో ఇంకెవరినైనా పంపండి. మీరు రావద్దు."

పద్దెనిమిదో డౌట్ రాసుకొచ్చిన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాన్న మెల్లగా జేబులోంచి ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్ తీసి బల్లమీద పెట్టాడు. "వాణ్ణి అనకమ్మా. వారం నుంచి రోజుకో ప్యాకెట్ లాగించేస్తున్నా. బీపీ దిగిపోతే వీడు ఏ వంకతో వస్తాడు నీ దగ్గరికి?"

"కన్ను కనపడదన్నారు, మీ అబ్బాయి వంకలెలా కనిపించాయండీ?"

"రెండోది బానే ఉందమ్మా."

ఆమె ప్యాకెట్ లాక్కుని సొరుగులో పడేసింది. "మీరు కన్ను బాగు చేయించుకోండి. మీ అబ్బాయి బీపీ లేకపోయినా రావచ్చు. ఆరింటికి నా డ్యూటీ అయిపోతుంది."

నెలన్నరకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు ఆమే నేనూ ఎదురుగా నిలబడ్డాం. నాన్న నన్ను కింద నుంచి పైదాకా చూశాడు, చాలాసేపు.

"రెండు కళ్లతో చూస్తే వీడు ఇలా ఉంటాడని నాకు గుర్తులేదమ్మా. ఇంకోసారి ఆలోచించుకో."

"పర్లేదు మావయ్యా," అంది.