గుడి వెనక మూడో ఇల్లు

మా ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది నన్ను చూడ్డానికి కాదు, సుకన్యను చూడ్డానికి.

పెళ్ళయి నలభై రోజులైంది. ప్రొద్దుటూరులో మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కింద అంగట్లోంచి ఆయన గొంతు వినిపిస్తుంది. "అంచు చూడండక్కా, అంచు!" అని. ఆ గొంతు విన్నప్పుడల్లా ఆ పొరపాటు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకుంటాను.

మా ఊరు గండికోట ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయింది. కొండాపురం దగ్గర కాలనీలో చీటీలు తీసి అందరికీ స్థలాలు ఇచ్చారు. పక్కపక్కన బతికినవాళ్ళు వేరే వేరే వీధుల్లో పడ్డారు. రాములవారి గుడిని మాత్రం అచ్చం పాత గుడిలాగే కట్టుకున్నాం. మా వాళ్ళ నోళ్ళు ఇంకా కాలనీకి రాలేదు. ఎవరిల్లు ఎక్కడని అడిగితే ఇప్పటికీ పాత ఊరి గుర్తులే చెబుతారు.

ఆ రోజు మా ఆయన శశాంక్ వాళ్ళ అమ్మానాన్నలతో బస్సు దిగి, టీ అంగడి ఫకీర్ సాహెబ్‌ను అడిగారట. "వెంకటేష్ శెట్టి ఇల్లు యాడప్పా?"

ఆయన పాల మీద నుంచి చూపు తిప్పకుండానే, "రాములోరి గుడి ఎనక మూడో ఇల్లు" అన్నాడు.

పాత ఊళ్ళో అది నిజమే. కాలనీలో గుడి వెనక మూడో ఇల్లు మాది.

అప్పుడే వాన పట్టుకుంది. మా వైపు వాన రావడమే అబ్బురం కాబట్టి నేను వాకిట్లో చేతులు చాపి నిలబడ్డాను. తలకు ఆముదం, ఒంటి మీద నైటీ. ఒకే గొడుగు కింద ముగ్గురు మా ఇంటివైపు పరుగెత్తుకొచ్చారు. ముందున్న పెద్దాయన జగన్నాథం గారు పంచె పైకి పట్టుకొని, "శెట్టి ఉండాడామ్మా?" అన్నారు.

"ఉండాడు, లోపలికి రాండి." చిన్న అంగడి నడిపే మా నాన్ననూ ఊరంతా శెట్టి అనే పిలుస్తుంది.

మా అమ్మ భాగ్యలక్ష్మి వంటింట్లోంచి తొంగిచూసింది. ఒక తల్లి, ఒక తండ్రి, తెల్లచొక్కా అబ్బాయి. అమ్మకు ఇంకేం కావాలి? అంతకు మూడు నెలల ముందు నాకు పులివెందుల సంబంధం కుదిరింది. తాంబూలాలకు రోజు పెట్టాక, "మాకొద్దు" అని వాళ్ళు ఒక్క ఫోన్ చేసి ఊరుకున్నారు. అప్పటి నుంచి అమ్మ ముఖంలో కళ లేదు. సంబంధాలు చూసే ఆయన ఈ వారంలో ఎవరినో ఒకరిని పంపిస్తానన్నాడు. వీళ్ళే వాళ్ళు అనుకుంది.

"మేయ్, చీర కట్టుకో పో! చెప్పాపెట్టకుండా వచ్చినారు!"

ఇంటికొచ్చినవాళ్ళను మీరెవరని అడగడం మా నాన్నకు చేతకాదు. ఫోన్లో అంతా మాట్లాడుకున్నాం కదా అని వాళ్ళూ పేర్లు చెప్పలేదు. ఉగ్గాని, కాఫీ అయ్యాయి. ఆముదం తలలో కనకాంబరాలు పెట్టి నన్ను కూర్చోబెట్టారు. ఆ తర్వాత మాట్లాడుకోమని మా ఇద్దర్నీ వసారాలోకి పంపారు.

మిద్దె గొట్టంలోంచి నీళ్ళు దబదబా పడుతున్నాయి.

"బి.కామ్‌లో మీకు ఏ సబ్జెక్ట్ ఇష్టం?" అన్నాడు.

"నేను చదివింది బి.ఎస్సీ. జమ్మలమడుగులో."

"ఓ. టైలరింగ్ బాగా చేస్తారంట గదా? మాది బట్టలంగడి. మా అమ్మకు అదే శానా నచ్చింది."

"నాకు గుండీ కుట్టడం గూడా రాదండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే మీవాళ్ళు ఫోన్లో చెప్పినవన్నీ అబద్ధాలేనా?"

"మావాళ్ళు మీకు ఫోన్ ఎప్పుడు చేసినారు?"

"పోనీ, ఒకటన్నా నిజం ఉంటాదేమో చూద్దాం. పాటలు పాడతారా?"

"నేను పాడితే మా నాయన అంగడి మూసుకొని పోతాడు."

ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోతాయి, చిన్నపిల్లాడిలా. ఆ సందు చూసుకొని నేను ఆయన్ని తనివితీరా చూసేశాను.

"ఏం రాదో చెప్పినారు. ఏమొచ్చో గూడా చెప్పండి."

"వానలో తడవడం వచ్చు."

"నాకు రాదు. అంగట్లో పుట్టినోణ్ణి. వానంటే తానులు తడుస్తాయనే భయం." అంటూనే గొట్టం కింద చెయ్యి పెట్టాడు. తెల్లచొక్కా మోచేతి దాకా తడిసిపోయింది.

లోపల జగన్నాథం గారి ఫోన్ మోగింది. స్పీకర్లో గొంతు వసారా దాకా వినిపించింది. "బావా, యాడుండారు? ఓళిగలు చల్లారిపోతాండాయి!"

"మీ ఇంట్లోనే గదప్పా వెంకటేషూ, నీ ఎదురుగ్గానే..." అంటూ ఆయన మా నాన్న ముఖం చూసి ఆగిపోయారు.

"నేను రామయ్యనండీ," అన్నాడు నాన్న నెమ్మదిగా.

శశాంక్ చెయ్యి ఇంకా గొట్టం కిందే ఉంది.

నాన్న గొడుగు తీసుకున్నాడు. "రాండి, వాళ్ళిల్లు మూడో వీధిలో. నేను ఇడిసిపెట్టి వస్తా."

గేటు దగ్గర శశాంక్ ఒకసారి వెనక్కి తిరిగాడు. అంతే.

మరుసటి రోజు పొద్దున్నే వెంకటేష్ మామ కూతురు సుకన్య వచ్చింది. డిగ్రీ మూడేళ్ళూ ఒకే బస్సులో పోయినవాళ్ళం.

"మేయ్, నిన్న మా ఇంటికొచ్చిన పెళ్ళికొడుకు నాతో ఏం చెప్పినాడో తెలుసునా? 'ఏమనుకోవద్దండీ, దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టు. దారి తప్పి పోయిన ఇంట్లో అమ్మాయి నాకు నచ్చింది' అన్నాడు."

"నీకు కోపం రాలేదా?"

"రాకుండా ఎట్ల ఉంటాది? రాత్రి కొంచెం ఏడ్చినా గూడా. కానీ మే, నా చీర చూసి, 'ఇది పట్టు కాదు, పాలిస్టర్. ఎవురో మోసం చేసినారు' అన్నాడు. పెళ్ళిచూపుల్లో! అట్లాంటోడు నీకే తగును." అని నవ్వింది. కళ్ళు మాత్రం ఉబ్బే ఉన్నాయి.

ఆ సాయంత్రం జగన్నాథం గారు తన కొడుక్కి నన్ను అడుగుతూ నాన్నకు ఫోన్ చేశారు. నాన్న అంతా విని ఒకే మాట చెప్పాడు. "వెంకటేష్ కూతురు కోసం బయల్దేరినోళ్ళు మీరు. ఆ పాప పెళ్ళయ్యేదాకా ఈ మాట ఎత్తద్దండి. ఊళ్ళో ఆ పాపను తలా ఒక మాట అంటారు."

నాకు ఏడుపు ఆగలేదు. "నాయనా, ఈయప్ప గూడా పోతే?"

నాన్న నా పక్కన కూర్చున్నాడు. "ఊరు మునిగినప్పుడు ఇంతకంటే ఎక్కువ ఏడ్చినాం. యాడికి తీసుకపోతాండాడో తెలియకుండానే మనల్ని ఈడికి తెచ్చినాడు స్వామి. ఇది గూడా ఆయన చూసుకుంటాడు. ఇంకొకరి ఇంట్లో దీపం తగ్గించి మాత్రం మనం వెలిగించుకోవద్దు."

గుడికి పోయాను. సుకన్యకు మంచి సంబంధం రావాలని మొక్కుకున్నాను. అందులో నా స్వార్థం ఎంతుందో ఎదురుగా ఉన్న ఆయనకు తెలియదా? సిగ్గేసి, "మా ఇద్దరికీ ఏది మంచిదో అదే చెయ్యి స్వామీ" అని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే మాత్రం పెద్ద మూట దించుకున్నట్టు అనిపించింది.

ఐదు నెలలు శశాంక్ నుంచి ఒక్క ఫోన్ లేదు, మెసేజ్ లేదు. నాన్న మాటకు కట్టుబడ్డాడా, లేక మర్చిపోయాడా? కొన్ని రోజులు ధైర్యంగా ఉండేదాన్ని. కొన్ని రోజులు బియ్యంలో రాళ్ళకు బదులు బియ్యమే ఏరి పారేసేదాన్ని.

అప్పుడు సుకన్యకు కమలాపురం సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు కిషోర్, రైల్వేలో ఉద్యోగం. చూసిన మొదటి రోజే వాళ్ళిద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. సుకన్య పట్టుబట్టి పెళ్ళి బట్టలన్నీ శశాంక్ వాళ్ళ అంగట్లోనే తీసింది. "పట్టు చీరకు పట్టే ఇస్తాడని నమ్మకం గదా!" అంది.

జమ్మలమడుగు కళ్యాణ మండపంలో పెళ్ళి. తాళి కట్టడం అయిపోయింది. రెండో పంక్తి భోజనాలకు వెంకటేష్ మామ మా నాన్నను చెయ్యి పట్టుకొని తెచ్చి, సరిగ్గా జగన్నాథం గారి పక్కన కూర్చోబెట్టాడు. ఆ పక్క ఆకు ముందు శశాంక్.

"రామయ్యా, నా కూతురు పెళ్ళయింది. నిండుగా నవ్వుతాంది, చూడు," అన్నాడు మామ. "నా కోసం నువ్వు ఐదు నెలలు నోరు కట్టుకున్న్యావు. ఈ పిల్లోడు గూడా కట్టుకున్న్యాడు. ఇంక చాల్లేప్పా."

నాన్న పప్పన్నం కలుపుకుంటూ పెళ్ళి పీటల వైపు చూశాడు. అక్కడ సుకన్య కిషోర్ చెవిలో ఏదో చెప్పి, తనే పకపకా నవ్వుతోంది.

నేను నెయ్యి గిన్నె పట్టుకొని పంక్తి చివర నిలబడిపోయాను.

నాన్న తలెత్తాడు. "తన్మయీ, అబ్బాయి ఆకులో నెయ్యి పడలేదు. చూడమ్మా."

జగన్నాథం గారు తినడం ఆపేసి నాన్న చెయ్యి పట్టుకున్నారు. ఎంగిలి చెయ్యి అని ఇద్దరికీ గుర్తు లేదు.

నేను వెళ్ళి గిన్నె వంచాను. నెయ్యి అన్నం చుట్టూ మడుగు కట్టి, ఆకు అంచు దాకా పారింది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

ఎంత పోసినా "చాలు" అనలేదు.